బూడిదరంగు కోటు తొడిగిన ప్రతివాడూ సైనికుడేనా? మా అబ్బాయి అట్ట మీది ప్రశ్న

జేమ్స్‌నది_ఒడ్డున
మేము రిచ్మండ్ శివార్లలో ఉంటున్నాము. మా అబ్బాయి నాలుగో తరగతి చదువుతున్నాడు. ఈ రాష్ట్రంలో ఆ తరగతి పిల్లలకు వర్జీనియా చరిత్ర ప్రత్యేక పాఠ్యాంశం కనుక, అమెరికా అంతర్యుద్ధం (1861–65లో దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకు, ఉత్తరాదికి మధ్య జరిగినది) గురించి ఒక అట్ట మీద బొమ్మలు అంటించి, నాలుగు మాటలు రాసుకుని రమ్మన్నారు. మా పక్కింటి పెద్దాయన వాడికి ఒక ఫొటో ఇచ్చారు. మాకు ఈ దేశంలో మంచు ఎత్తిపోయడం దగ్గర నుంచి అన్నీ నేర్పిన మంచి మనిషి ఆయన. ఫొటోలో నల్లజాతి సైనికులు తుపాకులతో బారుగా నిలబడి ఉన్నారు. కింద ‘లూసియానా నేటివ్ గార్డ్, 1861’ అని ఉంది. వీరంతా దక్షిణాది పక్షాన పోరాడినవారని, యుద్ధం బానిసత్వం కోసమే జరిగితే వీరు ఆ పక్షాన ఎందుకు నిలబడతారని ఆయన అడిగారట. మావాడు ఆ ప్రశ్ననే అట్ట మధ్యలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. టీచరును అడిగితే, యుద్ధ కారణాల మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయని చెప్పి ఊరుకున్నారు.

నేను చరిత్ర పరీక్షల్లో పానిపట్టు యుద్ధాలు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టుకుని గట్టెక్కినవాడిని. ఆ ఫొటో నిజమా? నిజమైతే ఆ ప్రశ్నకు జవాబేమిటి? వచ్చే సోమవారం అట్ట ఇవ్వాలి.

అట్లాంటా_అత్తయ్య
మీ పక్కింటి పెద్దాయనలాంటివారు మా వైపు వీధికి ఇద్దరు ఉంటారు, అందరూ మర్యాదస్తులే. మేము పదేళ్లపాటు ప్రతి వేసవిలో చుట్టాలను వెంటబెట్టుకుని స్టోన్ మౌంటెన్ వెళ్లి, గడ్డి మీద దుప్పట్లు పరిచి, పులిహోర తింటూ లేజర్ షో చూసి వచ్చాము. ఆ కొండ మీద గుర్రాలెక్కి ఉన్న ముగ్గురు ఎవరని ఒక్కసారైనా అడగలేదు. దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్, ఆయన జనరళ్లు లీ, స్టోన్‌వాల్ జాక్సన్ అని మా అమ్మాయి హైస్కూలుకు వచ్చాక చెప్పింది. ఆ చెక్కడం పూర్తయింది 1972లోనట. నేను అది యుద్ధకాలం నాటిదనుకున్నాను.

పాతకాగితాలు
ముందు ఫొటో సంగతి చూద్దాము. అది నిజమైన ఫొటోయే, కింది రాత మాత్రం అబద్ధం. మూలచిత్రం 1864 ప్రాంతంలో ఫిలడెల్ఫియాలోని ఒక స్టూడియోలో తీసినది. అందులో ఉన్నవారు ఉత్తరాది సైన్యంలోని నల్లజాతి సైనికులు. మూలచిత్రంలో ఎడమ చివర ఒక తెల్లజాతి అధికారి నిలబడి ఉంటాడు. ఆయన వేసుకున్నది ఉత్తరాది అధికారి దుస్తులు. ఆయన కనిపిస్తే గుట్టు బయటపడుతుంది కనుక ఎవరో ఆయనను కత్తిరించి, కింద ‘లూసియానా’ అని, ‘1861’ అని చేర్చారు. అదే ఫొటో ఆధారంగా అప్పట్లో రంగుల బొమ్మ వేసి, ఉత్తరాది సైన్యంలో చేరవలసిందిగా నల్లజాతివారిని పిలిచే ప్రకటనగా ముద్రించారు. అంటే బానిసత్వాన్ని కూల్చడానికి జనాన్ని పిలిచిన బొమ్మనే ఈనాడు దానికి సరిగ్గా ఎదురుగా నిలబెడుతున్నారు. అట్ట మీద ఎడమ చివర ఏమైనా భుజం ముక్కో, మోచెయ్యో మిగిలి ఉందేమో అబ్బాయిని వెతకమనండి.

తటస్థుడు_టెక్సాస్
ఒక ఫొటో నకిలీ అయినంత మాత్రాన అసలు సంగతి నకిలీ అయిపోదు. లూసియానా నేటివ్ గార్డ్ అనే దళం నిజంగా ఉండేది, అది 1861లో దక్షిణాది పక్షానే ఏర్పడింది. బానిసత్వానికి బద్ధవిరోధి అయిన ఫ్రెడరిక్ డగ్లస్ స్వయంగా 1861లో, దక్షిణాది సైన్యంలో నల్లజాతివారు భుజాన తుపాకులు వేసుకుని నిజమైన సైనికులుగా ఉన్నారని తన పత్రికలో రాశాడు. మా పిల్లల పాఠాల్లో యుద్ధానికి మూడు కారణాలు చెప్పారు: ప్రాంతీయ భేదాలు, రాష్ట్రాల హక్కులు, బానిసత్వం. ఇంత పెద్ద యుద్ధానికి ఒకే కారణం అంటగట్టడం గెలిచినవారి చరిత్ర. నేను ఎవరి పక్షమూ కాదు.

గడ్డిపరక
‘నేను ఎవరి పక్షమూ కాదు’ అన్నవారి దగ్గరే ఎప్పుడూ ఒక పక్షం వాదనలన్నీ భద్రంగా దొరుకుతాయి.

తటస్థుడు_టెక్సాస్
వాదనకు జవాబు ఉంటే చెప్పండి, ఎగతాళి ఎందుకు?

పాతకాగితాలు
తటస్థుడుగారు చెప్పిన రెండూ నిజమే, కానీ రెండూ సగమే.

నేటివ్ గార్డ్ విషయం. న్యూ ఆర్లియన్స్‌లో బానిసలు కాని నల్లజాతివారి వర్గం ఒకటి ఉండేది. వారిలో చేతిపనివారు, వ్యాపారులు, ఆస్తిపరులు ఉండేవారు. కొందరికి బానిసలు కూడా ఉండేవారు. యుద్ధం మొదలు కాగానే తమ ఇళ్లు, ఆస్తులు, ఉన్న కాస్త హోదా నిలుపుకోవడానికి వారు సొంత ఖర్చుతో దళం కట్టారు. రాష్ట్ర ప్రభుత్వం దానిని మిలీషియాగా, అంటే రాష్ట్రపు సొంత దళంగా గుర్తించింది, కవాతులు చేయించింది, పత్రికల్లో ప్రచారం చేసుకుంది. కానీ కాన్ఫెడరేట్ సైన్యంలోకి, అంటే విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి సైన్యంలోకి ఎన్నడూ తీసుకోలేదు, ఒక్క యుద్ధానికీ పంపలేదు. 1862 మొదట్లో, మిలీషియాలో తెల్లజాతివారే ఉండాలన్న చట్టంతో ఆ దళాన్ని రద్దు చేశారు. ఏప్రిల్‌లో ఉత్తరాది నౌకాదళం నగరాన్ని పట్టుకున్నప్పుడు దక్షిణాది సైన్యం వెళ్లిపోయింది, వీరు మాత్రం ఊళ్లోనే ఉండిపోయారు. సెప్టెంబరులో జనరల్ బట్లర్ అదే పేరుతో ఉత్తరాది సైన్యంలో దళాన్ని ఏర్పరిస్తే పాతవారిలో కొందరు అందులో చేరారు. ఆ కొందరిలో ఒకడు ఆంద్రే కైయు. 1863 మే 27న దక్షిణాది వారి పోర్ట్ హడ్సన్ కోట మీదికి తన మనుషులను నడిపిస్తూ మరణించాడు. కోట లొంగేవరకు, అంటే జూలై 9 వరకు, ఆయన శరీరం అక్కడే పడి ఉంది. తర్వాత న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన అంత్యక్రియలకు ఊరంతా కదిలి వచ్చింది.

ఇక డగ్లస్ ఆ మాట రాసింది లింకన్‌ను కదిలించడానికి. అప్పటికి ఉత్తరాది సైన్యం నల్లజాతివారిని చేర్చుకోవడం లేదు. ‘శత్రువే వాడుకుంటున్నాడు, మీరెందుకు వద్దంటున్నారు’ అన్న వాదనకు అది ఆధారం. అందులో వినికిడి ఎంత, కంటితో చూసినది ఎంత అన్నది వేరుగా తూచుకోవాలి.

వెన్నెల_వాకిలి
కానీ దక్షిణాది శిబిరాల్లో వేల సంఖ్యలో నల్లజాతివారు ఉన్నారన్నది కాదనలేని విషయం. దక్షిణాది సైన్యపు బూడిదరంగు కోటు తొడుక్కుని యజమాని పక్కన కూర్చున్నవారి ఫొటోలు నేను చూశాను. వారిని ఏమనాలి?

పాతకాగితాలు
బానిసలు అనాలి. అధికారి వెంట వంటకు, గుర్రానికి, గాయపడితే ఇంటికి మోసుకుపోవడానికి వచ్చినవారు కొందరు. కందకాలు తవ్వడానికి, కోటలు కట్టడానికి, రిచ్మండ్‌లోని ట్రెడెగర్ ఇనుప కర్మాగారంలో ఫిరంగులు పోతపోయడానికి, చింబొరాజో ఆసుపత్రిలో చాకిరీకి తెచ్చినవారు ఇంకెందరో. 1863లో కాన్ఫెడరేట్ కాంగ్రెస్ బానిసలను సైన్యం పనులకు జప్తు చేసుకునే చట్టం కూడా చేసింది. అద్దె డబ్బు యజమానికి వెళ్లేది. దొర వెంట వేటకు వెళ్లి సామాను మోసిన వెట్టివాడిని వేటగాళ్ల లెక్కలో రాస్తామా?

నల్లమల
ఆ పోలిక నచ్చింది కానీ ఒక సందేహం. మన వైపు కంపెనీ వారి మద్రాసు సైన్యంలో తెలుగువారు తరతరాలుగా సిపాయిలుగా పనిచేశారు. మా ఊళ్లోనే ‘సుబేదారు ఇల్లు’ అని ఒక ఇంటికి పేరు. అంతమాత్రాన కంపెనీ పాలన మన మేలు కోసమని ఎవరూ అనరు. కాబట్టి నల్లజాతివారు దక్షిణాది పక్షాన నిజంగా తుపాకీ పట్టి ఉన్నా సరే, ఆ యుద్ధం దేని కోసమన్న ప్రశ్నకు అది జవాబు కాదు కదా? ఎవరు పోరాడారన్నది ఒక ప్రశ్న, ఎందుకు యుద్ధం వచ్చిందన్నది మరొక ప్రశ్న. పక్కింటి పెద్దాయన రెండింటినీ కలిపేశారు.

తటస్థుడు_టెక్సాస్
నేనూ అదే అంటున్నాను. దక్షిణాది సైనికుల్లో అధికభాగానికి సొంత బానిసలు లేరు. వారు ఇంటి కోసం, ఊరి కోసం పోరాడారు.

పాతకాగితాలు
నల్లమలగారి తర్కం సరైనదే. కానీ ఈ ఒక్క యుద్ధంలో మాత్రం ఆ రెండు ప్రశ్నలు కలిసే ఉన్నాయని, వాటిని కలిపినవారు దక్షిణాది నాయకులేనని నా అభిప్రాయం. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

1864 జనవరి 2న దక్షిణాది జనరల్ పాట్రిక్ క్లెబర్న్ తన తోటి అధికారుల ముందు ఒక ప్రతిపాదన చదివాడు. మన దగ్గర మనుషులు అయిపోతున్నారు, బానిసలకు స్వేచ్ఛ ఇచ్చి సైన్యంలో చేర్చుకుందాము అన్నది దాని సారాంశం. సంగతి అధ్యక్షుడు డేవిస్ దాకా పోతే, ఆ కాగితం బయటికి రాకుండా తొక్కిపెట్టమని ఆదేశం వచ్చింది. క్లెబర్న్‌కు ఆ తర్వాత పదోన్నతి రాలేదు. ఆ ఏడాది నవంబరు 30న ఫ్రాంక్లిన్ యుద్ధంలో చనిపోయాడు. ఏడాది తిరిగేసరికి పరిస్థితి మరింత దిగజారింది, జనరల్ లీ స్వయంగా బానిసలను చేర్చుకోవాలన్నాడు. ఆ రోజుల్లోనే జార్జియాకు చెందిన హౌవెల్ కాబ్, తాత్కాలిక కాన్ఫెడరేట్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించినవాడు, 1865 జనవరి 8న యుద్ధమంత్రికి ఉత్తరం రాశాడు. బానిసలు మంచి సైనికులు కాగలిగితే బానిసత్వం గురించి మన సిద్ధాంతమంతా తప్పేనన్నది అందులోని మాట. కాబ్‌ను నేను ఏ విషయంలోనూ మెచ్చుకోను కానీ, తమ ఇల్లు ఏ స్తంభం మీద నిలబడిందో ఇంత సూటిగా చెప్పినవాడు మరొకడు లేడు.

చివరికి 1865 మార్చి 13న చట్టం వచ్చింది, సెనేట్‌లో 9–8 తేడాతో. అందులోనూ బానిసకు, యజమానికి ఉన్న సంబంధం ఈ చట్టం వల్ల మారదని ప్రత్యేకంగా రాసుకున్నారు. రిచ్మండ్ వీధుల్లో కొద్దిమందితో కవాతు జరిగింది. మూడు వారాలకు నగరమే పడిపోయింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు అవి.

నల్లజాతి పటాలాలు వారి దగ్గర ముందే ఉంటే ఈ రగడ ఎందుకు? లేని పటాలాన్ని ఏర్పాటు చేయడానికే కదా అంత తర్జనభర్జన? మునిగిపోతున్న పడవలో కూడా ఆ ఒక్క మూటను విసిరివేయడానికి అంత మంది ఒప్పుకోలేదంటే ఆ మూటలో ఏముందో అబ్బాయే చెప్పగలడు.

కొత్తచిగురు
జేమ్స్‌నదిగారికి ఒక విషయం. 2010లో మీ వర్జీనియాలోనే నాలుగో తరగతి పాఠ్యపుస్తకంలో, వేల మంది నల్లజాతివారు దక్షిణాది కోసం పోరాడారని, వారిలో రెండు బెటాలియన్లు స్టోన్‌వాల్ జాక్సన్ కింద ఉన్నాయని అచ్చయింది. విలియం అండ్ మేరీ కళాశాలలో చరిత్ర బోధించే ఒక ఆచార్యురాలు తన బిడ్డ పుస్తకం తిరగేస్తుంటే అది కంటపడింది. రచయిత్రిని అడిగితే ఇంటర్నెట్‌లో వెతికి రాశానని చెప్పారు. పైన పాతకాగితాలుగారు చెప్పిన చట్టం 1865 మార్చిలో వచ్చింది. జాక్సన్ 1863 మేలోనే చనిపోయాడు. ఇరవై రెండు నెలల ముందే చనిపోయిన మనిషి ఆ బెటాలియన్లను ఎలా నడిపించాడో ఆ పుస్తకమే చెప్పాలి.

అట్లాంటా_అత్తయ్య
గుర్రం కొండ మీద ఉంది కదా, అక్కడి నుంచి నడిపించి ఉంటాడు.

జేమ్స్‌నది_ఒడ్డున
అబ్బాయి భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు. ఎడమ చివర ఏదో కనిపిస్తోందంటున్నాడు, నాకైతే అది గోడ నీడలా ఉంది. కానీ వాడికి కొత్త ప్రశ్న పుట్టింది: దక్షిణాదిలో నల్లజాతి సైనికులు అసలు లేనే లేరా?

పాతకాగితాలు
ఉన్నారు, చాలా మంది ఉన్నారు. అయితే వారు వేసుకున్నది ఉత్తరాది సైన్యపు నీలిరంగు కోటు. ఉత్తరాది సైన్యంలో దాదాపు 1,79,000 మంది నల్లజాతివారు పనిచేశారు. సుమారు 40,000 మంది మరణించారు. అందులో ఎక్కువ భాగం జబ్బుల వల్ల. చేరినవారిలో సగానికి పైగా విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల నుంచే వచ్చారు. ఒక్క లూసియానా నుంచే 24,000 మంది. పెద్దాయన ఫొటోలో ఉన్న రాష్ట్రమే అది. ‘దక్షిణాది నల్లజాతి సైనికులు’ అన్న శీర్షిక అట్ట మీద అలాగే ఉంచవచ్చు, కింద రాసేది మారుతుంది.

వెన్నెల_వాకిలి
హాంప్టన్‌లోని ఫోర్ట్ మన్రోకు మేము కిందటి ఏడాది వెళ్లాము, మీకు గంటంబావు దూరం. 1861 మేలో ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు బానిసలు రాత్రిపూట పడవలో, ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న ఆ కోటకు చేరారు. అంతకు ముందురోజు వరకు వారు చేస్తున్న పని ఏమిటనుకుంటున్నారు? నదికి ఆవలి ఒడ్డున దక్షిణాది సైన్యానికి ఫిరంగి దిబ్బ కట్టడం. ఈనాటి లెక్క ప్రకారం ఆ ముగ్గురినీ ‘దక్షిణాదికి సేవ చేసిన నల్లజాతివారి’ జాబితాలో రాసేయవచ్చు. వారి యజమాని తరఫున ఒక అధికారి తెల్లజెండాతో వచ్చి, పారిపోయిన బానిసలను అప్పగించే చట్టం ఉంది కదా, మావాళ్లను ఇవ్వండి అని అడిగాడు. మీ రాష్ట్రం దేశం నుంచి విడిపోయామంటోంది కదా, మరి మా చట్టంతో మీకేమి పని అని జనరల్ బట్లర్ తిప్పి పంపాడు. ఆ వార్త పాకి, కొద్ది నెలల్లో వందల మంది ఆ కోటకు చేరుకున్నారు.

ఇలాంటివాడే రాబర్ట్ స్మాల్స్. చార్ల్‌స్టన్ రేవులో ‘ప్లాంటర్’ అనే దక్షిణాది సైనిక ఓడను నడిపే బానిస. 1862 మే 13 తెల్లవారుజామున కెప్టెన్ గడ్డిటోపీ నెత్తిన పెట్టుకుని, కోటల ముందు నుంచి సరైన సంకేతాలు ఊదుతూ, భార్యాబిడ్డలతో సహా ఓడను తీసుకుపోయి ఉత్తరాది నౌకాదళానికి అప్పగించాడు. మే 12 రాత్రి వరకు ఆయన కూడా దక్షిణాది ఓడలో ‘పనిచేస్తున్నవాడే’.

గడ్డిపరక
మే 12 రాత్రి ఫొటో తీసి ఉంటే ఈపాటికి అది కూడా ఎవరో ఒకరి అట్ట మీద ఉండేది.

తటస్థుడు_టెక్సాస్
సైనికుల విషయంలో మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను. నేటివ్ గార్డ్ ఒక్క యుద్ధమూ చేయలేదని నాకు తెలియదు. కానీ కారణాల విషయంలో ఒప్పుకోలేను. వర్జీనియా సంగతే తీసుకోండి. 1861 ఏప్రిల్ 4న వర్జీనియా సభ విడిపోవద్దనే ఓటు వేసింది. ఫోర్ట్ సమ్టర్ కోట మీద దక్షిణాది దాడి చేసిన తర్వాత లింకన్ 75,000 మంది సైనికులను పిలిచాకే, 17న మనసు మార్చుకుంది. సాటి రాష్ట్రాల మీదికి సైన్యాన్ని పంపబోమన్నది వారి మాట. ఇది రాష్ట్రాల హక్కు కాదా? పైగా దిగుమతి సుంకాల గొడవ ఉండనే ఉంది. లింకన్ కూడా 1862 ఆగస్టులో, బానిసలను విడిపించకుండా దేశాన్ని కాపాడగలిగితే అలాగే చేస్తానని రాశాడు. కెంటకీ, మేరీలాండ్, మిస్సోరీ, డెలవేర్ బానిస రాష్ట్రాలై ఉండి కూడా ఉత్తరాదితోనే ఉన్నాయి.

పాతకాగితాలు
ఇది గట్టి ప్రశ్న. నా జవాబు ఇది. ఉత్తరాది మొదట పోరాడింది దేశాన్ని కలిపి ఉంచడానికి. అందులో నాకు అనుమానం లేదు, లింకన్ ఉత్తరం చెప్పేది అదే. కానీ దేశం విడిపోయింది ఎందుకు? విడిపోయినవారినే అడగాలి. వారు రాతపూర్వకంగా చెప్పారు. మిస్సిసిపీ తన ప్రకటనలో, తమ స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని రెండో వాక్యంలోనే రాసుకుంది. తటస్థుడుగారి సొంత రాష్ట్రమైన టెక్సాస్, నల్లజాతివారి బానిసత్వం ఎల్లకాలమూ ఉండాలన్నదే తమ ఉద్దేశమని రాసింది. కొత్త ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానాలో మాట్లాడుతూ, తమ ప్రభుత్వానికి మూలరాయి నల్లజాతివాడు తెల్లవాడితో సమానుడు కాడన్న సత్యమేనని చెప్పాడు.

వర్జీనియా విడిపోతూ చేసిన తీర్మానంలో కూడా ‘దక్షిణాది బానిస రాష్ట్రాలపై అణచివేత’ అన్న మాట ఉంది. ఫిబ్రవరిలో జార్జియా తరఫున హెన్రీ బెన్నింగ్ రిచ్మండ్ వచ్చి, మేము ఎందుకు విడిపోయామంటే బానిసత్వ రద్దును ఆపడానికి అదొక్కటే మార్గం కనుక అని ఆ సభకు చెప్పాడు.

రాష్ట్రాల హక్కుల మాట. దక్షిణ కరోలినా ఫిర్యాదు ఉత్తరాది రాష్ట్రాలు తమ హక్కులు వాడుకుంటున్నాయని! పారిపోయి వచ్చిన బానిసలను అప్పగించకుండా అవి సొంత చట్టాలు చేసుకున్నాయి. ఆ చట్టాలను కేంద్రం అణచలేదన్నది వీరి బాధ. కాన్ఫెడరేట్ రాజ్యాంగం కూడా బానిసల మీద ఆస్తిహక్కును దెబ్బతీసే చట్టం ఏదీ చేయకూడదని తమ కాంగ్రెస్ చేతులు కట్టేసింది.

గుంటూరు_పత్తి
సుంకాల గురించి నేను చెబుతాను, మాది మూడు తరాల పత్తి వ్యాపారం. పెంచిన సుంకాల చట్టం ఆమోదం పొందింది 1861 మార్చిలో. ఏడు రాష్ట్రాలు అప్పటికే విడిపోయాయి. వారి సభ్యులు సెనేట్ ఖాళీ చేసి వెళ్లారు కనుకనే అది సులువుగా నెగ్గింది. 1860లో అమల్లో ఉన్నవి 1857 నాటి తక్కువ సుంకాలు. కార్యం అయ్యాక వచ్చినదాన్ని కారణం అనలేము కదా.

ఇంకొక ముక్క, విషయానికి దూరం కాదు. ఆ యుద్ధంలో దక్షిణాది రేవులను దిగ్బంధించడంతో ఇంగ్లండు మిల్లులకు పత్తి ఆగిపోయి, మన వైపు పత్తికి ఎన్నడూ లేని ధర వచ్చింది. కాకినాడ రేవు పెరిగింది ఆ పత్తితోనే. మా వైపు పత్తికి మార్కెట్లో ‘కోకనాడ’ అనే పేరు ఆ రేవు వల్ల వచ్చినదే. 1865లో యుద్ధం ఆగగానే ధర పడిపోయింది, అప్పు చేసి పత్తి వేసినవారు మునిగారు. సముద్రాల అవతల బానిసలు చెమటోడ్చితే వచ్చే సరుకుకు మనం కొన్నాళ్లు బదులు సరుకు అమ్ముకున్నాము. ‘మనకెందుకీ అమెరికా గోల’ అని ఎవరైనా అనబోతుంటే ముందే చెబుతున్నాను.

నల్లమల
నేను సరిగ్గా అదే అనబోయి ఆగిపోయాను.

కొత్తచిగురు
తటస్థుడుగారు చెప్పిన మూడు కారణాల జాబితా టెక్సాస్‌లో 2018లో మారింది. బానిసత్వ విస్తరణదే ప్రధాన పాత్ర అని రాశారు. మీ పిల్లలు అంతకు ముందు చదివి ఉంటారు.

ఈ ప్రశ్న ఎంత ఇరకాటమో మన భారతీయ మూలాలున్న, అప్పట్లో అధ్యక్ష పదవికి పోటీపడిన నిక్కీ హేలీని చూస్తే తెలుస్తుంది. 2023 డిసెంబరు 27న న్యూ హాంప్‌షైర్‌లో ఒక సభికుడు అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగితే, ప్రభుత్వం ఎలా నడవాలి, జనానికి ఏ స్వేచ్ఛలు ఉండాలి అని ఏదేదో చెప్పారు కానీ బానిసత్వం అన్న మాట రాలేదు. మర్నాడు, అది బానిసత్వం గురించేనని సర్దుకున్నారు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో కాల్పుల తర్వాత, దక్షిణ కరోలినా శాసనసభ ఆవరణలో ఎగిరే కాన్ఫెడరేట్ జెండాను దించే చట్టం మీద సంతకం చేసిన గవర్నరు కూడా ఆవిడే. విషయం తెలియక కాదు, తెలిసీ నోరు రాలేదు.

తటస్థుడు_టెక్సాస్
టెక్సాస్ ప్రకటన ఇప్పుడే చదివాను. ‘ఎల్లకాలమూ’ అన్న మాట ఉంది. ఇన్నేళ్లు ఇక్కడ ఉండి ఒక్కసారీ చదవలేదు. అయినా మామూలు సైనికుడి విషయంలో నా మాట మీదే ఉన్నాను. బానిసలు లేని పేద రైతు కొడుకు ఎందుకు పోరాడాడన్నదానికి ఈ ప్రకటనలు జవాబు కావు.

పాతకాగితాలు
అక్కడ మీతో సగం ఏకీభవిస్తాను. ఇరవై మంది బానిసలున్న తోటకు ఒక తెల్లవాడికి సైన్యం నుంచి మినహాయింపు ఇస్తూ 1862లో చట్టం వచ్చినప్పుడు, ధనికుల యుద్ధం, పేదల పోరు అని వారే వాపోయారు. ఒక్కొక్కరి గుండెలో ఏముందో తీర్పు చెప్పలేము. కానీ మీరు తెల్ల సైనికుడి మనసు గురించి అడిగిన ప్రశ్నను నల్ల సైనికుడి గురించి కూడా అడగాలి. ఉత్తరాదిలో తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు. నల్ల సైనికుడికి 10, అందులో దుస్తులకు 3 కోత. నల్లజాతి సైనికులతో కట్టిన మసాచుసెట్స్ 54వ పటాలం ఆ ఏడు డాలర్లు తీసుకోవడానికి నిరాకరించి, జీతం లేకుండానే 1863 జూలై 18న ఫోర్ట్ వాగ్నర్ మీద దాడి చేసింది. పట్టుబడితే వారిని యుద్ధఖైదీలుగా చూడబోమని దక్షిణాది చెప్పింది. 1864 ఏప్రిల్ 12న ఫోర్ట్ పిల్లోలో లొంగిపోతున్నవారిని కూడా చంపారు. జీతం సమానం చేసింది 1864 జూన్‌లో. ఇన్ని తెలిసీ లక్షా డెబ్బైతొమ్మిది వేల మంది చేరారు. యుద్ధం దేని కోసమన్న ప్రశ్నకు వారి జవాబు ఏమై ఉంటుంది?

అట్లాంటా_అత్తయ్య
మరి పింఛన్ల సంగతి? దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతివారికి కూడా కాన్ఫెడరేట్ పింఛను ఇచ్చాయని, సైనికులు కాకపోతే ఎందుకిస్తారని మా వీధి పెద్దమనిషి ఒకాయన అంటారు.

పాతకాగితాలు
ఇచ్చాయి. మిస్సిసిపీ 1888 నుంచి, టెనెసీ 1921లో, దక్షిణ కరోలినా 1923లో, వర్జీనియా 1924లో. వారిని సేవకుల కింద, పనివారి కింద లెక్కవేసి ఇచ్చారు. యుద్ధం ముగిసిన యాభై, అరవై ఏళ్లకు ఎందరు బతికి ఉంటారో ఆలోచించండి. ‘నమ్మకమైన సేవకుడు’ అన్న కథకు ఆ పింఛను బాగా పనికివచ్చింది. ఆ సేవకుడిని సైనికుడిగా మార్చడం 1970ల చివర మొదలైన పని. అంతకు ముందు, నల్లవాడు తమతో సమానంగా తుపాకీ పట్టాడంటే పాత కాన్ఫెడరేట్ సైనికులే ఊరుకునేవారు కారు.

జేమ్స్‌నది_ఒడ్డున
శనివారం వాడిని న్యూ మార్కెట్ హైట్స్ దగ్గరికి తీసుకువెళ్లాను. మా ఇంటికి ఇరవై నిమిషాలే. 1864 సెప్టెంబరు 29న అక్కడ పోరాడినందుకు పద్నాలుగు మంది నల్లజాతి సైనికులకు అమెరికా అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చిందని చదివి, వాడు పొలం మధ్యలో నిలబడి పద్నాలుగు అడుగులు లెక్కపెట్టాడు. నేను రోజూ ఆఫీసుకు వెళ్లే రోడ్డే అది, ఈ సంగతి నాకు తెలియదు.

సాయంత్రం పక్కింటాయన దగ్గరికి ఇద్దరమూ వెళ్లాము. మూలచిత్రాన్ని ముద్రించి పట్టుకెళ్లాను. ఎడమ చివరి అధికారిని ఆయన చాలాసేపు చూశారు. నకిలీదని తనకు తెలియదని, ఆ ఫొటో తన తమ్ముడు పంపాడని చెప్పారు. యుద్ధం సంగతి మాత్రం మాట్లాడలేదు; ముత్తాత ఆ యుద్ధంలో కాలు పోగొట్టుకున్నాడని మాత్రం అన్నారు. వాడికి టమాటాలు ఇచ్చి పంపారు.

అట్ట మీద ఇప్పుడు రెండు ఫొటోలూ పక్కపక్కన ఉన్నాయి. మధ్యలో రాసుకున్న ప్రశ్నను చెరిపేయమంటే వాడు ఒప్పుకోలేదు. దాని కింద కాబ్ మాటను ఎర్ర స్కెచ్‌పెన్‌తో రాశాడు. ‘సిద్ధాంతం’ అన్నచోట అక్షరం తప్పు పోయింది, సోమవారం లోపు సరిచేయాలి.

గడ్డిపరక
టమాటాలు ఏ రకం?

జేమ్స్‌నది_ఒడ్డున
పెద్దవి. పచ్చడి చేశాము, ఆయనకు ఒక సీసా ఇచ్చి వచ్చాడు వాడు.